వర్లీన్ పిన్ని పసుపుపచ్చ కప్ప

వర్లీన్ టిడ్‌మోర్‌కు ఉన్న జబ్బు ఒక్కటే: చేపలకు ఎరగా పదిమంది ఏ రబ్బరు కప్ప మంచిదంటే దాన్ని చచ్చినా గాలానికి కట్టదు. మబ్బు పడితే అలబామాలోని ఆ సరస్సు మీద అందరూ నల్ల కప్ప కడతారు. ఎండ కాస్తే తెల్లది కడతారు. చేపలు పట్టే పోటీ రోజున ఆవిడ మాత్రం, ఎండైనా వానైనా, పసుపుపచ్చదే.

"దాన్ని చూస్తే చేపలకు కామెర్లొస్తాయి, వర్లీన్!" అన్నాడు గాలాల కొట్టు బడ్.

"రానీ. నీ కొట్టుకొస్తే మందియ్యి."

నలభై ఏళ్లు స్కూలు బస్సు నడిపిన మనిషి. ఎవరు అరిచినా వెనక్కి తిరిగి చూడదు. ఎంపిక మాత్రం పెళ్లిచూపుల్లా సాగేది. పెట్టెలో ఉన్న ఇరవై కప్పల్నీ పొట్ట నొక్కి చూసి, కాళ్ల కుచ్చులు సరిచేసి, ఒక్కోదానికి ఒక్కో వంక పెట్టి, చివరికి ఆ పసుపుపచ్చదాన్నే తీసేది.

వాళ్ల గాలాల సంఘంలో వరసగా మూడు పోటీల్లో ఒట్టి చేతులతో వస్తే గోడ మీది పేరు పలక ఊడబెరుకుతారు. ఆవిడది ఆరేళ్ల కిందటే పెరికారు.

"పలక పీకారు. పడవ పీకలేదుగా!" అని మరుసటి నెల పోటీకీ వచ్చింది. ఆపే ధైర్యం ఎవరికుంది? ఆవిడ పక్కన కూర్చోవడానికి మాత్రం ఎవరూ ఒప్పుకోరు. అందుకే అప్పటికే రెండు సున్నాలతో పలక ఊగిసలాడేవాణ్ణి ఆ పడవలోకి తోసేవారు.

ఈసారి ఆ వంతు వెల్డింగు పనిచేసే క్లెట్ హార్బిన్‌ది. గోడ మీద వాడి పలక వాళ్ల నాన్న పలక పక్కనే ఉంది.

"ఈ ఒక్కసారికి నల్లది వెయ్యి పిన్నీ, దణ్ణం పెడతా."

"దణ్ణం తర్వాత, ముందు పడవ నిలబెట్టు. గడ్డి కింద నుంచి చేపకు కనిపించేది నీడ. రంగు కనిపించేది బడ్‌కి."

నీళ్లను కప్పేసిన గడ్డి మీద పసుపుపచ్చ కప్ప రెండు గెంతులు గెంతింది. ధబ్బున గడ్డి పేలింది. బాస్ చేప కప్పను మింగబోయి వదిలేసింది. గడ్డిలో గంగాళమంత కన్నం మిగిలింది.

"పోయింది!" క్లెట్ తల పట్టుకున్నాడు.

"ఏడుస్తావేంరా? ఆ కన్నంలో నీది వెయ్యి!"

వాడి నల్ల కప్ప పడీ పడగానే నీళ్లు మళ్లీ పగిలాయి.

"లాగకు! పూర్తిగా మింగనీ... ఊఁ, ఇప్పుడు!"

సాయంత్రానికి వాడికి నాలుగు చేపలు, ఆవిడకు సున్నా. తూకం దగ్గర ఒకటే నవ్వులు.

"సున్నాకేం తక్కువ? ఎటు చూసినా గుండ్రంగానే ఉంది," అని ఆవిడ కాఫీ తాగింది.

సామాను సర్దుతూ క్లెట్ పసుపుపచ్చ కప్పను చేతిలోకి తీసుకున్నాడు. గుచ్చుకోలేదు. వీపు మీది రెండు కొక్కేలూ వంపు దగ్గరే కత్తిరించి ఉన్నాయి.

"పిన్నీ, దీనికి..."

"నోర్ముయ్."

క్లెట్ తలెత్తి పలకల గోడ చూశాడు. ఈ ఆరేళ్లలో అక్కడ ఊడిన పలక ఆవిడది ఒక్కటే.

"ఏరా," బడ్ కేకేశాడు, "రోజంతా పక్కనే ఉన్నావు. ఆ రంగు మర్మమేంటో తెలిసిందా?"

క్లెట్ కప్పను పెట్టె అడుక్కి తోసి మూత వేశాడు.

"మర్మమా పాడా? వట్టి మొండితనం!"

"అలా చెప్పు వాడికి," అంది వర్లీన్, తన కాఫీలో సగం వాడి కప్పులోకి వంపుతూ.