గరిటెడు గట్క

చికెన్ దుకాణం ఓంప్రకాశ్ నోటికి ఊరంతా జడుస్తుంది. అట్లాంటివాడి బల్ల మీద మేకల కాపరి అంతయ్య కోడిపేగుల గంప దించిన రోజున ముసలి రామవ్వ అక్కడే ఉంది. "నువ్వు ఒర్రె గట్టున పారేసే గీ పేగులతోనే కుక్కలు నెత్తురు రుచి మరిగినయి. నీ దుకాణం బందున్ననాడు మా మేకల మీద పడుతున్నయి. గుంత తవ్వి పూడుస్తవా, రోజూ గంప గీడనే దించాల్నా?" అన్నాడు అంతయ్య, గొంతు పెంచకుండా. కొనేవాళ్లు ముక్కులు మూసుకుని జరిగిపోయారు. మరునాడే గుంత పడింది.

ఖానాపూర్ దిక్కు మేకలు కాసే అంతయ్యకు చంకలో కర్ర, భుజాన గొంగడి ఎప్పుడూ ఉంటాయి. కుక్క కనబడితే రాయి తీయడు. మేకకూ దానికీ నడుమ నిలబడి గొంగడి విప్పి దులుపుతాడు. మొన్న ఎర్రకుక్క రామవ్వ సూడి మేక మెడ పట్టినప్పుడూ అదే చేశాడు. గొంగడి చిరిగింది, మేక బతికింది. ఆమెకున్నది ఆ ఒక్క మేకే. ఎవరికీ తల వంచని రామవ్వ అతని చేతులు పట్టుకుంది.

"నీ మేలు మరువ కొడుకా. ఏం కావాల్నో అడుగు."

అంతయ్య నేల చూశాడు. "పేగులు బందైనంక గవి ఆకలితోటి తిరుగుతున్నయి పెద్దవ్వా. పొద్దుగూకంగ ఒర్రె కాడ నేను జరంత మక్కరవ్వ గట్క వండి పెడుతున్న, సరిపోతలేదు. నువ్వూ ఒక గరిటెడు తెచ్చి పెట్టు."

"నా మేకను కరిసినదానికి గూడనా?"

"దానికే ముందుగాల పెట్టు."