మామూలే కదా ఆంటీ?

లాండ్రీలో ఆమెను అందరూ ఇస్త్రీ అక్క అనేవారు. తనకంటే పెద్దవాళ్ళు కూడా అలాగే పిలిచేవారు. హోటళ్ళ నుంచి వచ్చే దుప్పట్లు, దిండు గలీబులు, వంటవాళ్ళ తెల్లకోట్లు ఉతికి ఆరాక ఆమె బల్ల మీదికే చేరేవి. యాభై దాటినా నడుం వంగలేదు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "ఊరందరి చొక్కాలూ ఇస్త్రీ చేస్తున్నా కదా, మళ్ళీ ఇంట్లో ఇంకొకడి చొక్కా కూడానా?" అని నవ్వేసేది.

ఇంట్లో ఉండేది ఆమె, ఆమె చెల్లెలు. భర్తతో పొసగక చెల్లెలు అక్క దగ్గరికి వచ్చేసి చాలా ఏళ్ళయింది. బస్సు డిపోలో టికెట్ల కిటికీ దగ్గర ఆమె ఉద్యోగం. మధ్యాహ్నం వెళితే ఇల్లు చేరేసరికి చీకటి పడేది. అందుకని పొద్దుటి వంట చెల్లెలిది, సాయంత్రం వంట అక్కది. వీధి మలుపులో బర్గర్లమ్మే ఫాస్ట్‌ఫుడ్ హోటల్ ఒకటుంది. జీతాలొచ్చిన రోజున మాత్రం ఇద్దరూ అక్కడికి వెళ్ళి, వేపుడు చికెన్ ఒకటి తీసుకుని చెరిసగం పంచుకునేవారు. నెలంతా ఆ ఒక్క పూట కోసం ఎదురుచూసేవారు.

ఒక చలికాలం అక్కకు జలుబు చేసింది. ముక్కు దిబ్బడ పోయింది, దగ్గు పోయింది, వాసన మాత్రం తిరిగి రాలేదు. లాండ్రీలో అడుగుపెట్టగానే ముఖాన కొట్టే సబ్బు ఆవిరికి వాసన లేదు. వేడి దుప్పటి మడిచినా అంతే. నాలుగు రోజులు పోతే అదే వస్తుందిలే అనుకుంది. కూర నోట్లో పెట్టుకుంటే తడికాగితం నమిలినట్టుండేది. ఉప్పు తెలిసేది, కారం మండేది, అంతే.

ఒక సాయంత్రం స్టవ్ మీద పాలు పెట్టి, అటు వీపు పెట్టి కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది. పాలు పొంగి మంట ఆరిపోయింది. ఆ రోజు డిపో నుంచి తొందరగా వచ్చిన చెల్లెలు తలుపు తీస్తూనే కేకపెట్టింది.

"గ్యాస్! అక్కా, లే, బయటికి రా!"

తనే పరుగెత్తి స్టవ్ కట్టేసి, కిటికీలన్నీ బార్లా తెరిచింది. "వాసన గుమ్మం దాకా కొడుతోంది. నీకు తెలియనే లేదా?"

"ఇప్పుడే ఆరినట్టుంది. ఉల్లిపాయల ఘాటులో తెలియలేదు," అంది అక్క.

ఆ అబద్ధం అంత చప్పున నోటికొచ్చినందుకు ఆమెకే ఆశ్చర్యమేసింది.

నిజానికి గ్యాస్‌ను మించిన భయం ఒకటి ఆమె లోపల కూర్చుంది. పోయిన వాళ్ళమ్మ కూడా మొదట, "కూరలో రుచే లేదేమిటే?" అనేది. వంటకు వంకలు పెడుతోందని అందరూ విసుక్కున్నారు. తర్వాత వాసనలు తెలియడం లేదంది. ఆ తర్వాత ఇంటికి దారి మరిచింది. చివరికొకనాడు అక్క చెయ్యే పట్టుకుని, "నువ్వు ఎవరమ్మాయివమ్మా?" అని అడిగింది. అమ్మకు అన్నీ మరిచిపోయే జబ్బు అలా ముక్కుతోనే మొదలైంది. ఇప్పుడు తనకూ మొదలైందా?

ఎవరికీ చెప్పలేదు. తేలు కుట్టిన దొంగలా ఊరుకుంది. బస్సులో కూర్చుని, చిన్నప్పుడు బడిలో తన బెంచీ మీద కూర్చున్న పిల్లల పేర్లు గుర్తుచేసుకునేది. ఒక్క పేరు తట్టకపోతే మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టేది.

ఒంటరిగా ఉన్నప్పుడు స్టవ్ వెలిగించడం మానేసింది. మొదటిసారి, "ఒంట్లో ఓపిక లేదే," అంటూ మలుపులోని హోటల్ నుంచి పొట్లాలు తెచ్చింది. చెల్లెలు సంబరపడింది. "ఏంటక్కా, జీతం ముందే వచ్చిందా?" మరోసారి, ఒకటి కొంటే ఒకటి ఉచితమంది. ఇంకోసారి లాండ్రీలో పని ఎక్కువైందంది. వారానికొకసారి కాస్తా రెండుసార్లయింది. ఎండాకాలం వచ్చేసరికి సాయంత్రం పూట పొయ్యి వెలగడమే గగనమైపోయింది. చెల్లెలు మొహం మొత్తి డిపో క్యాంటీన్‌లో తినడం మొదలుపెట్టింది. అక్క మాత్రం లాండ్రీ నుంచి సరాసరి ఆ హోటల్‌కే పోయేది. కొన్నాళ్ళకు మధ్యాహ్నం కూడా అక్కడే.

భయం ఒక్కటే అయితే రొట్టెముక్క, పండు తిని సరిపెట్టుకునేదే. కానీ ఆ హోటల్ తిండి ఒక్కటే ఆమెకు తిన్నట్టు ఉండేది. పళ్ళకింద కరకర, వేడి, పెదవులకంటిన ఉప్పు, గొంతులో కూల్‌డ్రింక్ చురుకు. వాసన పోయినా అవి మిగిలాయి. తింటున్నంతసేపూ మనసు కుదుటపడేది. లేచి చేతులు కడుక్కునేసరికి దిగులు మళ్ళీ తయారు.

ఒకరోజు ఆమె నోరు తెరవకముందే కౌంటర్ దగ్గరి అమ్మాయి ట్రే ముందుకు జరిపింది.

"మామూలే కదా ఆంటీ?"

ఆప్యాయంగానే అంది. అక్కకు మాత్రం గుండెల్లో రాయి పడింది. నెలకొకసారి వచ్చే తను ఈ పిల్లకు మామూలుగా వచ్చే మనిషి ఎప్పుడైంది? నిన్న వచ్చానా? వచ్చినట్టే ఉంది. ఏం తిన్నాను? ఇదే. మొన్న? ఇదే. అన్ని రోజులూ ఒకేలా ఉంటే, తను మరిచిపోతోందో, గుర్తుంచుకోవడానికే ఏమీ లేదో ఎలా తెలుస్తుంది? ఆ రోజు సగం తిని లేచి వచ్చేసింది. మర్నాడు మళ్ళీ వెళ్ళింది.

ఒళ్ళు పెరిగి, పాదాలు ఉబ్బి చెప్పులు బిగుసుకున్నాయి. మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. లాండ్రీలో ఉతికే మిషన్ల దగ్గరుండే ముసలి బాబాయి, "ఏమ్మా, దుప్పట్లకు పెట్టమని గంజి ఇస్తే నువ్వు తాగేస్తున్నావా?" అని వేళాకోళమాడాడు. అందరితో పాటు తనూ నవ్వింది. ఆ వారంలోనే, వంటవాడి కోటు మీద ఇస్త్రీపెట్టె ఆనించి ఎటో ఆలోచిస్తూ ఉండిపోయింది. పక్కబల్ల అమ్మాయి, "అక్కా, మాడుతోంది!" అని అరిచేదాకా తెలియలేదు. మేనేజర్ కోప్పడలేదు. "పోనీలెండి, ఇన్నేళ్ళలో ఇదే మొదటిది," అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

ఆ మధ్య చెల్లెలు కొన్ని రోజుల సెలవు పెట్టి పిన్నిని చూడటానికి పొరుగూరు వెళ్ళింది. తిరిగొచ్చిన రోజు పొద్దున తాళం తీసి లోపలికి రాబోయి, గుమ్మంలోనే కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"అబ్బా! ఏంటక్కా ఈ కంపు? ఎలకేమైనా చచ్చిందా?"

అక్క బల్ల దగ్గర కూర్చుని, నిన్న హోటల్ నుంచి తెచ్చిన, చల్లారిన బంగాళాదుంప వేపుడు తింటోంది. "ఏ కంపు?" అంది.

మాట జారిపోయింది. చెల్లెలు ఆమెను ఒక్క క్షణం చూసి, వంగి బల్ల వెనక చెయ్యి పెట్టింది. ఎప్పుడో జారిపడిన చికెన్ పొట్లం, పురుగులు పట్టి బయటికొచ్చింది. దాన్ని వీధిలో పారేసి, చేతులు కడుక్కుని, అరలోంచి ఒక డబ్బా తీసింది.

"కళ్ళు మూసుకో అక్కా."

"ఎందుకే?"

"మూసుకో అన్నానా!"

మూసుకుంది. మూత తీసిన చప్పుడైంది.

"ఇదేంటో చెప్పు."

అక్క గట్టిగా గాలి పీల్చింది. ఇంకోసారి పీల్చింది. "సబ్బు పొడి."

"కాఫీ అక్కా." చెల్లెలు డబ్బా మూత పెట్టేసింది. "ఎప్పటినుంచి?"

"చలికాలంలో జలుబు చేసింది చూడు, అప్పటినుంచి."

"అంటే ఆ గ్యాస్ రోజు కూడా..." చెల్లెలు కుర్చీలో కూలబడింది. "నా వంట నచ్చక నామీద అలిగి బయట తింటున్నావనుకున్నా. ఒక్క మాట చెబితే నీ సొమ్మేం పోయేది?"

"అమ్మకూ ఇలాగే మొదలైంది కదే." అక్క తలెత్తలేదు. "నువ్వు ఎవరమ్మాయివని ఏదో ఒకరోజు నిన్ను అడుగుతానేమోనని."

చెల్లెలు లేచి వచ్చి అక్క తలను తన పొట్టకేసి హత్తుకుంది. తర్వాత బ్యాగు కూడా విప్పకుండా ఆసుపత్రికి ఫోన్ చేసింది.

డాక్టరమ్మ ముక్కులోకి లైటు వేసి చూసింది. పేర్లు, తేదీలు, బొమ్మలు చూపించి ప్రశ్నలడిగింది. అన్నీ విని, "జలుబుతో ఒక్కసారిగా పోయింది కాబట్టి నరం దెబ్బతిని ఉంటుంది. మీ అమ్మగారికి మెల్లగా వచ్చింది. రెండూ ఒకటి కాకపోవచ్చు," అంది.

"కాకపోవచ్చా, కాదా డాక్టర్ గారూ?"

"ఈరోజుకి మీ జ్ఞాపకశక్తి బాగుంది. అంతవరకే చెప్పగలనమ్మా. వాసన వస్తుందో రాదో కూడా ఇప్పుడే చెప్పలేను. బీపీ మాత్రం బాగా ఎక్కువగా ఉంది. బయట ఎన్నిసార్లు తింటారు?"

"అప్పుడప్పుడు," అంది అక్క.

"రోజూ, రెండు పూటలా," అంది చెల్లెలు అదే క్షణంలో.

డాక్టరమ్మ చెల్లెలి మాటే రాసుకుంది.

గ్యాస్ స్టవ్ పోయి, తనంతట తానే ఆగిపోయే కరెంటు పొయ్యి వచ్చింది. తనకు వాసన తెలియడం లేదని మేనేజర్‌కు అక్కే వెళ్ళి చెప్పింది. ఆయన ఆమెను మడతలు పెట్టే బల్లకు మార్చాడు. తన ఇస్త్రీబల్ల దగ్గర కొత్తమ్మాయి నిలబడటం చూసి ఆమె ఆ పూట అటువైపు తిరగలేదు. ఇంట్లో మళ్ళీ వంట మొదలుపెట్టింది. కూర మాడకుండా పక్కనే నిలబడి కళ్ళతోనే కాపలా కాసేది. ఉప్పు ఎక్కువైతే చెల్లెలు, "సముద్రం బాగుంది, కూరేది?" అనేది. బయట తినడం ఒక్కసారిగా ఆగలేదు. ఒక్కో సాయంత్రం కాళ్ళు వాటంతటవే మలుపు దాకా పోయేవి. కొన్నిసార్లు వెనక్కి తిరిగేది, కొన్నిసార్లు తిరిగేది కాదు. క్రమంగా అది వారానికొక పూటకు దిగింది, అదీ చెల్లెలితో కలిసి.

డాక్టరమ్మ చెప్పినట్టు పొద్దునా సాయంత్రం నిమ్మతొక్క, లవంగం, సబ్బు, కాఫీ పొడి వరసగా వాసన చూసేది. నెలల తరబడి ఏమీ లేదు. ఆ మధ్య ఒక పొద్దున కాఫీ డబ్బా విసురుగా దూరం పెట్టింది.

"కాలిన టైరులా కొడుతోందే!"

"వాసన వచ్చింది!" చెల్లెలు ఎగిరి గంతేసింది.

"కాఫీ కాఫీలా రాలేదు కదే. ఇది మంచికా, చెడుకా?"

మంచికే, దెబ్బతిన్న నరం కోలుకునేటప్పుడు వాసనలు అలా తప్పుగా వస్తుంటాయని ఫోన్‌లో డాక్టరమ్మ చెప్పింది. అక్క సరేనంది కానీ సగమే నమ్మింది. వచ్చే నెలలో మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళాలి, మళ్ళీ ఆ బొమ్మలు, ఆ ప్రశ్నలు. ఆ తేదీ దగ్గరపడుతున్నకొద్దీ ఆమెకు నిద్ర తగ్గుతోంది. తోడు వెళ్ళడానికి చెల్లెలు ఇప్పటికే డ్యూటీ మార్పించుకుంది.