ఆర్విడ్ బిగించిన తూటాలు

ఆర్విడ్ స్కార్ చెయ్యి పడితే ఏదైనా బిగుసుకోవలసిందే. కుళాయి కట్టేస్తే మళ్లీ ఆయనే వచ్చి విప్పాలి. జామ్ సీసా మూత ఆయన పెట్టాడంటే ఆ ఇంట్లో వాళ్లు ఆ పూట రొట్టెకి వెన్నతో సరిపెట్టుకోవాలి. మట్టిరోడ్లు చదునుచేసే బండి నడిపి రిటైరయ్యాడు. మంచివాడే, కానీ కాస్త నోటి దురుసు. ఆ నోరే ఈ కథంతా చేసింది.

మోంటానాలో మా లోయలో ఎల్క్ దుప్పి మాంసం లేకుండా చలికాలం గడవదు. పేలిన తూటాల ఇత్తడి గొట్టాలను పారెయ్యకుండా ఇంట్లోనే మళ్లీ మందు పోసి, మూతిలో గుండు కూర్చోబెట్టి, కొత్త తూటాలు చేసుకుంటాం. కొందరు ఆ మూతి అంచును గుండు మీదికి నొక్కి బిగిస్తారు. దాన్ని క్రింప్ అంటారు. ఆర్విడ్‌కి వాళ్ల నాన్న ఇచ్చిన, మీట లాగి తూటా ఎక్కించే పాత తుపాకి ఉంది. అందులో తూటాలు ఒకదాని వెనక ఒకటి బారుగా ఉంటాయి. పేలినప్పుడల్లా వచ్చే కుదుపుకి గుండు లోపలికి దిగిపోకుండా క్రింప్ చెయ్యాల్సిందే. అందుకని ఆ గుండు చుట్టూ గాడి కూడా ఉంటుంది. ఆయన తప్పల్లా, ఒక తుపాకికి పనికొచ్చినదాన్ని లోకంలో ఉన్న తుపాకులన్నిటికీ అంటగట్టడం.

"బిగిస్తేనే గురి," అనేవాడు. ఎవరైనా కాదంటే, "నువ్వు పుట్టకముందు నుంచీ బిగిస్తున్నానోయ్," అని నోరు మూయించేవాడు.

ఆయన భార్య లవాన్ పుట్టింటి నుంచి తెచ్చుకుంది ఒక రైఫిల్. పెళ్లికి ముందు దానితో వాళ్ల నాన్నకి దీటుగా కొట్టేది. పెళ్లయ్యాక తూటాలు చేసే పని ఆర్విడ్ తీసుకున్నాడు. ఆమె గుళ్లకి గాడి లేదు, నున్నటివి. వాటినీ గట్టిగా నొక్కేశాడు. అప్పటినుంచీ లవాన్ గురి చెదిరిపోయింది.

వేట మొదలయ్యే ముందు ఆదివారం, చర్చి అయ్యాక, ఊరంతా కంకర గొయ్యి దగ్గర చేరి తుపాకుల గురి చూసుకోవడం మాకు ఆనవాయితీ. అక్కడ ఆర్విడ్ అందరికీ వినబడేలా అనేవాడు: "మా ఆవిడ కాల్చేముందు కళ్లు మూసుకుంటుంది." జనం నవ్వేవారు. ఏటా అదే మాట, అదే నవ్వు. వింటే నాకు ఒళ్లు మండేది.

ఒక ఏడు లవాన్ కొట్టిన ఎల్క్ కాలు విరిగి, కుంటుకుంటూ అడవిలోకి పోయింది. చీకటి పడేదాకా వెతికినా దొరకలేదు. ఆమె ఏడుస్తుంటే ఆర్విడ్, "కళ్లు తెరిచి ఉంటే ఎటుపోయిందో అయినా కనిపించేది," అన్నాడు. ఆ తర్వాత ఆమె తుపాకి ముట్టలేదు. గొయ్యి దగ్గరికి చిల్లీ, అంటే మాంసం, చిక్కుడుగింజలు వేసి ఉడికించిన కారం కూర, గిన్నెతో పట్టుకుని వచ్చేది, అంతే.

మొన్న శరదృతువులో వాళ్ల కూతురు జనెల్, బడి బస్సు నడిపే పిల్ల, అమ్మ వదిలేసిన ఆ రైఫిల్ తను తీసుకుంటానంది. ఆర్విడ్ ఎడమ మణికట్టుకి పిండికట్టు ఉండటంతో తూటాలు తనే చేసుకుంది.

"క్రింప్ చేశావా?" అన్నాడు ఆర్విడ్, గొయ్యి దగ్గర.

"క్రింప్ చేసే అచ్చు కనబడలేదు నాన్నా."

"అయితే పేల్చడం దండగ. కాగితం వెనక గట్టుకి తగిలితే గొప్పే."

జనెల్ పేల్చింది. గురి కాగితం మీద చిల్లులన్నీ ఒకచోట ముద్దగా పడ్డాయి.

"ఏమోయ్ ఆర్విడ్," అన్నాడు డ్వేన్, ఆయన పాత స్నేహితుడు, "పిల్లది ఎవరి పోలికోయ్? వాళ్లమ్మది కాదులే!"

ఆర్విడ్ నవ్వలేదు. ట్రక్కులోంచి, ఒకప్పుడు లవాన్ కోసం తను బిగించిన తూటాల పెట్టె తెచ్చి, అదే రైఫిల్ ఇసుక మూటల మీద ఆనించి తనే కాల్చాడు. లోయలో ఆయనంత గురి ఎవరికీ లేదు. ఆ గుళ్లు కాగితమంతా చెదిరాయి. కూతురి తూటాలు కాల్చాడు, దగ్గరదగ్గరగా పడ్డాయి. పాత తూటా ఒకటి కళ్లదగ్గర పెట్టుకుని చూశాడు. ఇత్తడి అంచు నున్నటి గుండును కొరికేసి ఉంది. ఆయన చెవులదాకా ఎర్రబడ్డాడు.

"కొన్ని తుపాకులకి అచ్చిరాదులే, పోనీ," అన్నాడు డ్వేన్.

ఆర్విడ్ వినలేదు. సిగ్గుతో తల పైకెత్తకుండానే లవాన్ దగ్గరికి వెళ్లాడు. ఆమె గరిటెతో చిల్లీ వడ్డిస్తోంది.

"లవాన్, తప్పు నీది కాదు. నా తూటాలది. ఆ ఎల్క్ కూడా నావల్లే పోయింది."

"నాకెందుకు చెబుతున్నావు?" అంది ఆమె, గరిటె ఆపకుండా. "నవ్వినవాళ్లకి చెప్పు."

చెప్పాడు. టోపీ తీసి, అందరి ముందూ చెప్పాడు. గిన్నెలు పట్టుకున్నవాళ్లు గిన్నెల్లోకే చూస్తూ నిలబడ్డారు. డ్వేన్ బూటుతో కంకర కెలికాడు.

"అమ్మా, రా, ఒకటి కాల్చు," అంది జనెల్.

లవాన్ వద్దంది. కాసేపటికి చేతులు తుడుచుకుని వచ్చింది. రైఫిల్ భుజానికి ఆనించుకుంది. గుండు ఎక్కడ తగిలిందో చెప్పడానికి ఆర్విడ్ పక్కనే కూర్చున్నాడు, కాని ఆయన కాగితాన్ని చూడలేదు. ఆమె ముఖాన్నే చూశాడు. ట్రిగ్గర్ మీద వేలు కదలబోతుండగా ఆమె రెండు కళ్లూ గట్టిగా మూసుకుపోయాయి. గుండు ఎక్కడో గట్టుకి తగిలి దుమ్ము లేచింది.

ఆమె రైఫిల్ దించింది. "నిజం చెప్పు ఆర్విడ్. కళ్లు మూశానా?"

ఇన్నేళ్లూ ఊరందరి ముందూ అలవోకగా అన్న మాట, అడిగిన రోజున ఆయన నోట రాలేదు.