టెస్టింగ్ వేళ మా బావ వేసిన పాటలు

అక్క ఫోను చేసేసరికి నేను సెకండ్ షిఫ్టుకి బయల్దేరుతున్నాను. "తమ్ముడా, మీ బావ ఎల్లిపోనారు" అంది. వెనక ఆసుపత్రి వరండాలో ఎవరో ఎవరినో టీ తెమ్మంటున్నారు. షిఫ్టు ఇన్‌చార్జికి కబురుపెట్టి బస్సెక్కాను.

గాజువాక, సబ్బవరం వైపు పెళ్లిళ్లు చేసుకున్న చాలామంది ఆయన్ని చూసే ఉంటారు. సౌండ్ సెట్ కిరాయికి తిప్పే ఆయన. వ్యాను పక్కన, మెడలో తువ్వాలుతో నిలబడే మనిషి. పెళ్లి ఫొటోల్లో ఎక్కడా పడడు. మా పెద్దనాన్న కూతురి భర్త, నాకు బావ. ఆయనా నన్ను బావా అనే పిలిచేవాడు.

స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు పని దొరికి పల్లె నుంచి వచ్చిన కొత్తలో నేను వాళ్లింట్లోనే ఉన్నాను. ఆటోనగర్ వెనక రేకుల షెడ్డులో బావ బాక్సులు తయారుచేసుకునేవాడు. ప్లైవుడ్ కొలిచి కోసి, బంక పూసి, లోపల దూది పరిచి, స్పీకరు బిగించేవాడు. కొన్నవి కావు, అన్నీ తన చేత్తో చేసినవే. ఎప్పుడైనా వాటిమీద ఎవరైనా కూర్చుంటే లేపేవాడు.

ఒక ఆఫ్ రోజున వైర్లు లాగడానికి మనిషి లేడంటే ఆయనతో ఒక పెళ్లికి వెళ్లాను. కోతలైన పొలంలో పందిరి. ఇంకా ఎండ ఉంది, వంటవాళ్లు తప్ప ఎవరూ రాలేదు. బావ బాక్సులు పేర్చి, మైకులో నాలుగు మాటలని, ఏదో వేశాడు. అది పాటో కాదో నాకు తెలియలేదు. మాటలు లేవు, పాడేవాళ్లు లేరు. లోపల్నించి ఒక దెబ్బ, పైన సన్నగా ఒక టిక్కు, ఎంతసేపటికీ అవే. కప్పిన టార్పాలిన్ వణికింది. నా కడుపులోనూ ఏదో వణికింది.

"ఏటి బావా, మిషను పాడైనాదా?" అన్నాను.

"పాడవనేదు. ఆళ్లు ఇలాగే సేత్తారు. ఊరుకో, ఇను."

విన్నాను. అవే దెబ్బలనుకున్నవి అవి కావని కాసేపటికి తెలిసింది. ఏదో మారుతోంది. ఎప్పుడు మారుతోందో మాత్రం పట్టుకోలేకపోయాను. ఇంతలో పెళ్లికొడుకు మేనమామ పంచె సవరించుకుంటూ వచ్చాడు.

"ఏటి బాబూ, ఇంకా టెస్టింగేనా? పాటెప్పుడేత్తావ్?"

"అయిపోనాది బాబూ" అని బావ దాన్ని మధ్యలో ఆపేసి సినిమా పాట వేశాడు. ఆయన మొహంలో ఏ మార్పూ లేదు.

దారిలో చెప్పాడు. బాక్సులు పేర్చాక జనం వచ్చేదాకా కొంత వ్యవధి ఉంటుంది. అప్పుడు ఏం వేసినా అడిగేవాడు ఉండడు. సినిమా పాటతో టెస్ట్ చేస్తే వంటవాళ్లు కూడా వచ్చి ఇంకోటి వెయ్యమంటారు. ఇవి వేస్తే అందరూ టెస్టింగ్ సప్పుడే అనుకుంటారు. "ఇది మన టైము బావా. మిగిలిందంతా ఆళ్ల టైము" అన్నాడు.

ఎలక్ట్రానిక్ సంగీతం ఎవరెవరు చేశారో నాకు తెలిసింది ఇలాగే, పెళ్లివాళ్లు వచ్చేలోపల, సగం సగం పాటలుగా. అప్పట్లో ఆ సీడీలు వన్‌టౌన్‌లో ఒక భాయ్ దుకాణంలో దొరికేవి. పోర్టుకి వచ్చిన ఓడల వాళ్లు అమ్ముకుపోయినవి. భాయ్ నవ్వేవాడట: "తీస్కపో బాబూ, ఇవెవరూ కొనర్లే. పాట మొదలయ్యేలోపే గిరాకీ వెళ్లిపోతాడు." తర్వాత ఫోన్లు వచ్చాయి, దుకాణం అవసరం పోయింది. అయినా బావ అటు వెళ్లినప్పుడల్లా భాయ్‌ని పలకరించి వచ్చేవాడు.

సీడీ అట్టల మీద పేర్లు ఆయనకి నోరు తిరిగేవి కావు. తనే పేర్లు పెట్టుకున్నాడు. అసలు పేర్లు తర్వాత నాకు తెలిశాయి కానీ, నా నోటికి ఇప్పటికీ ఆయన పెట్టినవే వస్తాయి. ఒక్కొక్కరితో ఒక్కొక్క బాక్సు పరీక్ష చేసేవాడు.

కింది బాక్సులకి ఫ్యాక్టరీ కుర్రాళ్లు. అమెరికాలో కార్ల ఫ్యాక్టరీలు మూతపడిన ఊరి నల్లకుర్రాళ్లు వాళ్లు. పాత వాయిద్యాలు ఎవరో వదిలేసినవి తెచ్చుకుని చేశారట. "ఊరు సచ్చిపోనాది బావా, మిషన్ల సప్పుడు మాత్రం ఆళ్ల ఒంట్లో ఉండిపోనాది" అనేవాడు. ప్లాంటులో షిఫ్టు దిగి బయటికి వచ్చాక నాకు ఆ మాట అర్థమయ్యేది. ఇనుము సాగదీసే మిల్లు దూరమైనా, దాని దెబ్బ ఒంట్లో ఆగదు.

పైన సన్నటి స్పీకర్లకి జపాను మామ్మ. గ్లాసులు తగిలినట్టు, కుళాయి సరిగా కట్టనట్టు ఉండే శబ్దాలు. ఆవిడది వేసినప్పుడు వాల్యూం తగ్గించి, దూరంగా వెళ్లి నిలబడేవాడు. "ఇక్కడికి ఇనబడితే మన సెట్టు మంచిదన్నమాట." ఎడమ, కుడి వైపులు చూసుకోడానికి మొహం చూపించనాయన. ఆయనకి ఒక మద్దెల దొరికితే ముక్కలు చేసి, మళ్లీ తప్పుగా అతుకుతాడు. నాకు ఆయన నచ్చేవాడు కాదు. "నువ్వు తప్పులెతుకుతన్నావ్, అందికే ఇనబడ్డంనేదు" అనేవాడు బావ.

చివర్న మంచాయన. ఏదో మంచు పడే చలి దేశం. ఆయనదొకటి ఇరవై నిమిషాలకి పైగా ఉంటుంది. మొదట చాలాసేపు గాలి తప్ప ఏమీ ఉండదు. ఆ తర్వాత పైన అప్పుడొకటి అప్పుడొకటి టిక్కు పడుతుంటే, అడుగున ఒక్క స్వరం మెల్లగా లేస్తుంది. అది లేచేసరికి ఎక్కడైనా పెళ్లివాళ్లు వచ్చేసేవాళ్లు. బావకి ఉన్న కోరిక ఇదొక్కటే: ఆ పాట తన సెట్టు మీద, అన్ని బాక్సులతో, మొదలు నుంచి చివరిదాకా ఒకసారి వెయ్యాలి. వినడానికి మనుషులుండాలి. "ఓ పదిమంది సాలు. మధ్యలో లేవకుండా ఉంటే సాలు."

ఒకసారి వేశాడు కూడా. ఆటోనగర్ దగ్గర ఖాళీ స్థలంలో, ఆదివారం పొద్దున్న. తోటి సౌండ్ సెట్ వాళ్లని పిలిచాడు. టిఫిన్లు పెట్టించాడు. వాళ్లు ఇడ్లీలు తింటూ ఒకర్నొకరు ఆటపట్టించుకుంటున్నారు.

"ఏటి బావా, గాలికి కూడా కిరాయి తీసుకుంతన్నావా?" అన్నాడు వాళ్లలో ఒకడు.

"నోర్మూసుకో, వత్తాది."

అడుగు స్వరం లేవడం మొదలైంది. మాట్లాడేవాళ్లు మెల్లగా ఆగారు. ఒకతను ఇడ్లీ ముక్క చేతిలోనే పట్టుకుని ఉండిపోయాడు. అప్పుడు వీధి చివర్నించి ఒక ముసలాయన వచ్చి, తమ ఇంట్లో తల్లి పోయిందని చెప్పాడు. గొడవ పెట్టలేదు, ఆపమని కూడా అనలేదు. చెప్పి నిలబడ్డాడంతే. బావ వెళ్లి ఆపేశాడు. "సావింటి కాడ ఎలాగేత్తాం. ఇంకో ఆదివారం సూద్దారి" అన్నాడు. వినడానికి వచ్చినవాళ్లు ఆ చావుకే అటునుంచటు వెళ్లారు.

ఇంకో ఆదివారం రాలేదు. ఊరేగింపుల్లో డీజే వద్దని చాలాచోట్ల కట్టడి చేశారు. కిరాయిలు తగ్గాయి. పిలిచినవాళ్లు కూడా చిన్న సెట్టు చాలన్నారు. చిన్న సెట్టుకి టెస్టింగ్ ఏముంటుంది, ఒక బాక్సు తిప్పి పెట్టడమే. ఏడాదిగా బావకి ఆయాసం. షెడ్డులో కూర్చుని బాక్సులు తుడిచేవాడు. అప్పుడప్పుడు నేను వెళ్తే, "మనవోళ్లని ఓపాలి పిలుద్దారి బావా" అనేవాడు. "అలాగే" అనేవాణ్ని. ఎవరి పనులు వాళ్లవి. కొందరు సెట్లు అమ్మేసి ఆటోలు నడుపుతున్నారు.

ఆసుపత్రిలో చేర్చాక, గుండె సగమే పనిచేస్తోందని చెప్పారు. రెండో వారంలో ఆసుపత్రి ఖర్చుకి అక్క బాక్సులు అమ్మేసింది. కొన్నవాళ్లు వేర్వేరు, కిందివి ఒకరు, పైవి ఒకరు, ఆంప్లిఫయర్లు ఇంకొకరు. వేరే దారి లేదు. ఆయనకి చెప్పొద్దంది. చెప్పలేదు.

నేను ఇయర్‌ఫోన్లు తీసుకెళ్లి మంచాయన పాట చెవుల్లో పెడితే తీసేశాడు. "సెవులకి కాదు బావా ఇది. ఒంటికి తగలాల." కాసేపు ఊపిరి కూడదీసుకుని, ఇంటికి వెళ్లాక బాక్సులు ఎలా పేర్చాలో చెప్పడం మొదలుపెట్టాడు. కిందివి గోడకి ఆనించొద్దు, జానెడు ఖాళీ వదలాలి. జనాన్ని మరీ దగ్గర కూర్చోబెట్టొద్దు. "ఈపాలి సీకటి పడేలోగా అయిపోవాల, సావులూ పెళ్లిళ్లూ సూసుకోవాల ముందుగా." నేను తలాడించాను. అక్క మంచం అవతల కూర్చుని బత్తాయి ఒలుస్తోంది. తల ఎత్తలేదు. ఒలిచిన తొనలు మళ్లీ ఒలుస్తోంది.

ఆయన నాకు ఇచ్చినదాన్ని ఇదీ అని చెప్పలేను. మిల్లులో పని చేస్తున్నప్పుడు ఆ చప్పుడు మధ్య నిలబడటం కొంత తేలికైంది. అంతకంటే ఎక్కువ అంటే అబద్ధమవుతుంది. ఆయనకి మేమేమిచ్చామో అది మాత్రం నాకు తెలుసు. సగం పాటలు.

పెద్దకార్యం అయ్యాక, చుట్టాలు వెళ్లిపోయాక, మధ్యాహ్నం అక్క నా దగ్గరకొచ్చి కూర్చుంది. ఇన్నేళ్లూ ఆవిడ ఎప్పుడూ కిరాయిలకి రాలేదు. ఇంట్లో ఆయన వేసేవాడు కాదు, పక్కిళ్లవాళ్లకి ఇబ్బందని.

"మీ బావ ఏటి ఇనీవోరు తమ్ముడా? అదేదో పూర్తిగా ఏద్దారి, ఏద్దారి అనీవోరు. ఓపాలి పెట్టు."

నా ఫోనులో మంచాయనది పెట్టి నేల మీద ఉంచాను. గాలి వినిపించింది. అక్క చేతులు ఒళ్లో పెట్టుకుని చూస్తూ కూర్చుంది. అడుగు స్వరం లేవాల్సిన చోటు వచ్చింది. చేతిలో పట్టేంత ఫోను స్పీకరు అంత కింది స్వరానికి దిగలేదు. అక్కడ ఏమీ లేదు. పైన ఉన్న సన్నటి టిక్కు మాత్రం గోడ మీద బల్లి అన్నట్టు అప్పుడొకటి అప్పుడొకటి పడుతోంది. అసలు పాట అది కాదక్కా అని చెబుదామనుకున్నాను. ఏదని అడిగితే చూపించడానికి ఆయన బాక్సులు లేవు.

"ఇదేనా?" అంది.

నేను వాల్యూం చివరిదాకా పెంచాను.

అక్క లేచి వెళ్లలేదు. ఇంకా దగ్గరికి జరిగింది. బయట లారీ ఏదో పోతోంటే, ఫోను నేల మీంచి తీసి చెవికి ఆనించుకుంది, రెండో చెవిని అరచేత్తో మూసుకుంది. పాట ఇంకా సగం ఉంది.