చేతులు కనిపించాలి

ఆ ఆదివారం నాకు పోయినవన్నీ ముందు కూడి చెప్తాను. ముప్పై ఒక్క జవాబులు పోయాయి. ఇల్లు నిశ్శబ్దంగా ఉండాలని మా ఆయనను పొద్దున్నే ఘట్‌కేసర్‌లోని వాళ్ళన్న ఇంటికి పంపేశాను, ఆయనకు వారానికి ఉండే ఒక్క సెలవు పోయింది. కుక్కర్ కూత వినపడకూడదని పొయ్యి వెలిగించలేదు, మధ్యాహ్నం అన్నం పోయింది. ఆరు నెలలు చదివిన చదువు మీద ధీమా పోయింది. పనిచేసే చోట మంచి పేరు కొంత పోయింది. అది ఎంతో కొలిచే వీలు లేదు కాబట్టి కూడికలో వెయ్యను. ఇవన్నీ పోగా నాకు మిగిలింది కంప్యూటర్‌లో నా పేరు కింద ఎర్ర అక్షరాల్లో ఒక్క వాక్యం: 'అనుచిత ప్రవర్తన కారణంగా పరీక్ష రద్దు చేయబడింది.'

నేను చేసిన అనుచిత ప్రవర్తన వేళ్ళ మీద లెక్కపెట్టుకోవడం.

నాచారంలో అట్టపెట్టెలు చేసే ఒక కంపెనీలో, స్టోర్స్‌లో పని నాది. కాగితం రీళ్ళు, గమ్ము, పిన్నుల తీగ ఎంత వచ్చింది, ఎంత వాడారు, ఎంత ఉంది చూసుకోవాలి. పదో తరగతితో బడి మానేశాను. లెక్క మాత్రం అంతకుముందే మొదలైంది, ఇంకా మానలేదు. మా అమ్మ బీడీలు చుట్టేది. ఇరవై ఐదుకు ఒక కట్ట, నలభై కట్టలకు వెయ్యి. సాయంత్రం కట్టలు అప్పజెప్పేటప్పుడు గుమాస్తా బాగాలేవంటూ కొన్ని తీసి పక్కన పడేసేవాడు. ఎన్ని పడేశాడో నేను లెక్కపెట్టాలి. పిల్ల తన ముందే లెక్కపెడితే ఆయనకు గిట్టదు, కసురుకునేవాడు. అందుకని చెయ్యి ఓణీ కింద దాచుకుని లెక్కపెట్టేదాన్ని.

నాలుగు వేళ్ళకు మూడేసి కణుపులు, మొత్తం పన్నెండు. బొటనవేలు ఒక్కో కణుపు మీద ఆగుతూ నడుస్తుంది. కుడిచెయ్యి నిండితే ఎడమచేతిలో ఒక కణుపు. రెండు చేతులూ నిండితే నూట నలభై నాలుగు. ఆ సమయంలో నా కళ్ళు పైకి పోతాయి, పెదవులు వాటంతటవే కదులుతాయి. ఎవరూ నేర్పింది కాదు. గుమాస్తా పోయాడు, ఓణీ పోయి చీర వచ్చింది. చెయ్యి మాత్రం ఇప్పటికీ మరుగు వెతుక్కుంటుంది.

మా స్టోర్స్ ఇన్‌చార్జి రిటైర్ అయినప్పుడు మేనేజర్ సార్ నన్ను పిలిచారు.

"పని నీకు వచ్చమ్మా, నాకు తెల్వదా? కానీ హెడ్డాఫీసోళ్ళు కాగితం అడుగుతరు. ఒక సర్టిఫికెట్ తెచ్చుకో, తాళాలు నీకే ఇస్త."

స్టాక్ లెక్కల మీద ఆరు నెలల కోర్సు ఒకటి ఆన్‌లైన్‌లో తెలుగులో దొరికింది. చేరేముందు వాళ్ళే పది ప్రశ్నలు అడిగారు, 'ఆన్‌లైన్ చదువు మీకు సరిపోతుందా?' అని. మీకు నిశ్శబ్దమైన చోటు ఉందా, నెట్ బాగా వస్తుందా, ఎవరూ చెప్పకుండానే రోజూ కూర్చోగలరా. నిశ్శబ్దమైన చోటు లేదని నిజమే రాశాను. మాది ఉప్పల్‌లో రెండు గదుల పోర్షన్, పైన ఇంటివాళ్ళ మోటారు ఎప్పుడు మోగుతుందో వాళ్ళకే తెలియదు. పదికి తొమ్మిది వచ్చాయి. 'మీకు చక్కగా సరిపోతుంది' అని చప్పట్లు కొట్టే బొమ్మ ఒకటి వచ్చింది. నువ్వు లెక్క ఎట్లా చేస్తావమ్మా అని ఆ పదింటిలో ఒక్కటీ అడగలేదు. ఆ రోజు అది నాకు తట్టలేదు.

మా అమ్మాయి డిగ్రీ చదువుతోంది. అది ఆ బొమ్మను చూసి నవ్వింది.

"లాక్‌డౌన్ల నేను సదివిన సూడు ఆన్‌లైన్ల. కెమెరా బంద్ పెట్టి పండుకున్న. ఇప్పటికీ ఆ కెమిస్ట్రీ నాకు రాదు. ఇది ఎవలికీ సెట్ కాదమ్మా."

దానికి సెట్ కాలేదన్నది నిజం. పదిహేనేళ్ళ పిల్లకు పక్కన స్నేహితురాలు కావాలి, మొట్టికాయ వేసే టీచరు కావాలి. నాకు కావలసింది పాఠాన్ని ఆపే మీట. అర్థం కాకపోతే ఆపాను, వెనక్కి పోయాను, ఒకే ముక్క నాలుగైదుసార్లు విన్నాను. పాఠం చెప్పే ఆయనకు విసుగు రాలేదు. అంతకుముందు హబ్సిగూడ కోచింగ్ సెంటర్‌లో ఒకరోజు ఉచిత క్లాసుకు కూర్చుని చూశాను. అందరూ మా అమ్మాయి ఈడు పిల్లలు. మొదటిసారి మళ్ళీ చెప్పమని అడిగాను, చెప్పారు. రెండోసారి అడగబోతే ముందు వరుసలో ఇద్దరు వెనక్కి తిరిగి చూశారు. నోరు మూసుకున్నాను. ఆ రోజు ఎక్కడ ఆగిపోయానో అక్కడి నుంచి నన్ను మళ్ళీ నడిపించింది డాబా మీద మా అమ్మాయి పాత ఫోనే.

ఆ విధంగా చదివి పరీక్షకు కూర్చున్నాను. యాభై ప్రశ్నలు, ఇరవై ఐదు వస్తే పాసు. లాప్‌టాప్ మా అమ్మాయిది, నాకిచ్చి తను స్నేహితురాలి ఇంటికి పోయింది. కెమెరా నన్ను చూస్తూ ఉంటుంది. మొదటి పాతిక ప్రశ్నలు దాదాపు చదివి రాసేవే. తర్వాత లెక్కలు వచ్చాయి. గోదాములో ఇరవై నాలుగు వరుసలు, వరుసకు పదిహేడు పెట్టెలు, ఎనిమిదో వంతు తడిసిపోయాయి, మిగిలినవెన్ని? తెర మీద క్యాలిక్యులేటర్ ఇచ్చారు. నేను చేసుకున్న లెక్కను సరిచూసుకోవడానికే నాకు అది పనికొస్తుంది. ఇరవై నాలుగంటే నాకు రెండు పన్నెండ్లు. చెయ్యి బల్ల కిందికి పోయింది, కళ్ళు పైకి పోయాయి, పెదవులు కదిలాయి. మూడు వందల యాభై ఏడు వచ్చింది. కళ్ళు దించేసరికి తెర మీద పసుపు రంగు హెచ్చరిక: 'చేతులు కనిపించాలి.' చేతులు పైన పెట్టాను. తర్వాతి లెక్కకు మళ్ళీ దిగిపోయాయి. మూడో హెచ్చరికకు పరీక్ష మూతపడింది. అప్పటికి ముప్పై ఒక్క ప్రశ్నలకు జవాబులు పెట్టాను.

మర్నాడు వాళ్ళ నంబరుకు ఫోన్ చేశాను. ఒక కుర్రగొంతు పలికింది.

"సిస్టం ఫ్లాగ్ చేసింది మేడం. మేమేం చేయలేం."

"సిస్టం అంటే మనిషా?"

"కాదు మేడం."

"అయితే ఎవలన్న మనిషికి ఇయ్యి బిడ్డా, మాట్లాడుత."

"నేను మనిషినే మేడం."

"మంచిది. నా వీడియో సూసినవా మరి?"

"అది మాకు రాదు మేడం."

కోర్సులో చేరేటప్పుడు పనిచేసే చోటు మెయిల్ ఇచ్చాను, అందుకని వార్త నాకన్నా ముందే కంపెనీకి చేరింది. రీళ్ళు దించే తమ్ముడు ఒకడున్నాడు, పొద్దున్నే ఎవరినో ఒకరిని ఏడిపించకపోతే వాడికి టీ దిగదు.

"ఏందక్కా, కాపీ కొట్టి దొరికినవంట! ఇంట్ల ఒక్కదానివే ఉంటివి, ఎవల్ని జూసి కొట్టినవ్? గోడ మీది బల్లిని జూసా?"

"బల్లికి స్టాక్ లెక్కలొస్తే సార్ నీ జాగల దాన్నే పెట్టుకుంటుండె. రీళ్ళు దించు పో."

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కానీ మేనేజర్ సార్ నవ్వలేదు. "ఏమైందమ్మా?" అన్నారు, అంతే. ఆ ప్రశ్నలో కొంచెం అనుమానం ఉంది. స్టోర్స్ తాళాలు ఇవ్వాల్సిన మనిషి దొంగ అని ఒక కాగితం చెప్తే ఆయన మాత్రం ఏం చేస్తారు?

నెలాఖరులోగా మళ్ళీ రాయొచ్చని మెయిల్ వచ్చింది. నియమాలు మూడు. చేతులు బల్ల మీద ఉండాలి, కళ్ళు తెర మీద ఉండాలి, నోరు కదలకూడదు. మా అమ్మాయి నాకు ట్రైనింగ్ మొదలుపెట్టింది. ఎదురుగా ఫోన్ నిలబెట్టి వీడియో ఆన్ చేసి, నా రెండు చేతులూ బల్ల మీద బోర్లా పెట్టించింది.

"పంతొమ్మిది ఇంటు ముప్పై ఆరు."

నా కళ్ళు పైకి పోయాయి.

"అమ్మా, పైకి జూడకు! స్క్రీన్ జూడు."

"పైకి జూడకుంటే లెక్క యాడ దొరుకుతదే?"

"పైన ఫ్యాన్ మీద రాసిపెట్టుకున్నవా?"

బోర్లా పెట్టిన చేతుల కేసి చూస్తే అవి నావి కావనిపించింది. అంకెలు ఎదురుగా ఉన్నాయి, పట్టుకోవడానికి వేలు లేదు. చివరికి ఆరు వందల ఎనభై నాలుగు అన్నాను. సరైనదే. అది ఉలిక్కిపడి నా మొహం చూసింది, తర్వాత వంగి బల్ల కిందికి చూసింది. నా కాళ్ళ వేళ్ళు చాప మీద ఒక్కొక్కటే నొక్కుకుంటూ కదులుతున్నాయి. నాకే తెలియదు.

పొట్ట పట్టుకుని నవ్వింది. "అయిపాయె! కాళ్ళు కెమెరాకు కనవడవ్ గదా. పాసైతవ్ పో!"

నేను కాళ్ళు వెనక్కి తీసుకున్నాను.

"రాయ."

"ఏంది?"

"గిట్ల రాయ. చేతులతోటి చేసేది దొంగతనం కానప్పుడు కాళ్ళల్ల దాసుడెందుకు? ఇప్పుడు దాస్తెనే దొంగనైత."

"అమ్మా, మార్కుల కోసమే గదా. జర సోంచాయించు."

ఆలోచించాను. మా అమ్మాయి దగ్గర అప్పటికే సిద్ధంగా జవాబుంది: ఆన్‌లైన్ నీకు సెట్ కాదు, హబ్సిగూడ క్లాసుల్లో చేరు. మా ఆయనదీ అదే మాట. నేను ఒప్పుకోలేదు. రీళ్ళు మంచివే వచ్చి లారీలో తడిస్తే ఆ నష్టాన్ని మిల్లు పేరు మీద రాయను, లారీ పేరు మీద రాస్తాను. ఆరు నెలల చదువు నాకు సరిపోయింది. నన్ను కాపలా కాసిన పద్ధతి సరిపోలేదు. ఈ రెండింటినీ ఒకే పద్దులో రాసి, ఈమెకు ఆన్‌లైన్ పనికిరాదు అని తేల్చడానికి నేను ఎవరికీ అధికారం ఇవ్వలేదు. పదికి తొమ్మిది ఇచ్చిన ఆ చప్పట్ల బొమ్మకూ ఇవ్వలేదు. నాకు ఏది సరిపోతుందో నేనే తేలుస్తాను.

మెయిల్ మళ్ళీ మొదటి నుంచి చదివాను. అడుగున చిన్న అక్షరాల్లో ఉంది: సొంత కంప్యూటర్ లేనివారు హబ్సిగూడలోని కేంద్రానికి వచ్చి రాయవచ్చు. లాప్‌టాప్ మా అమ్మాయిది, నాది కాదు. అబద్ధం లేకుండానే దరఖాస్తు పెట్టాను. పాఠాలన్నీ డాబా మీదే, పాత ఫోన్‌లోనే మళ్ళీ విన్నాను. పరీక్ష రోజున ఉప్పల్‌లో మెట్రో ఎక్కాను.

కేంద్రంలో పర్యవేక్షణకు నా వయసు మేడం ఒకామె ఉంది. కూర్చోకముందే ఆమె దగ్గరికి వెళ్ళి, రెండు చేతులూ చాపి చూపించాను.

"మేడం, నేను కణుపుల మీద లెక్కవెడత. కండ్లు పైకి పోతయ్, పెదవులు కదులుతయ్. కాపీ కాదు. ముందే చెప్తున్న."

ఆమె నా చేతుల వంక, నా వంక చూసింది. "సప్పుడు వస్తదా?"

"జర వస్తది."

"పక్కనోళ్ళకు డిస్టర్బ్ అయితది. ఆ గోడ పక్కన కూసో."

అంతే. నా ఇన్నాళ్ళ గొడవ ఒక కుర్చీ జరపడంతో తీరింది. మధ్యలో ఆమె రెండుసార్లు నా వెనక నుంచి నడిచింది, ఒకసారి ఆగింది కూడా. నేను చెయ్యి దాచలేదు. బల్ల మీదే, అందరికీ కనపడేటట్టు, కణుపులు ఒకటొకటి నొక్కుకుంటూ యాభై ప్రశ్నలూ పూర్తిచేశాను. నలభై ఒకటి వచ్చాయి.

తాళాలు ఇప్పుడు నా కొంగున ఉన్నాయి. తర్వాతి కోర్సులో కూడా చేరాను, అదీ ఆన్‌లైనే. దాని పరీక్ష కూడా గోడ పక్కనే రాస్తానని చేరేటప్పుడే రాసిచ్చాను.

కానీ నా ఖాతాలో ఆ ఎర్ర వాక్యం ఇంకా ఉంది. ప్రతి నెలా ఒకటో తేదీన వాళ్ళకు మెయిల్ పెడతాను. మీ ఫిర్యాదు పరిష్కరించి మూసివేశాం అని జవాబు వస్తుంది. మళ్ళీ తెరవమని రాస్తాను.

"పాసైనవ్ గదా, ఇంకేంది నీ లొల్లి?" అంటుంది మా అమ్మాయి.

పాసైంది రెండో పరీక్ష. మొదటిది నేను రాశాను, దొంగతనం చేయలేదు. పెట్టిన ముప్పై ఒక్క జవాబులనూ గుర్తు చేసుకుని, పాఠాలు ముందు పెట్టుకుని ఒక్కొక్కటే సరిచూశాను. రెండు తప్పు, అవి వదిలేస్తున్నాను. రానివి అడగడం నాకు అలవాటు లేదు. మిగిలినవి వాళ్ళు ఇవ్వాలి. ఈ నెల ఒకటో తేదీన కూడా అదే రాశాను: రావాల్సినవి ఇరవై తొమ్మిది.