అద్దంలో ఎడమచేతివాటం మనిషి

మేస్త్రి సెలూన్‌లో గోడగడియారం వెనక్కి తిరిగేది. చెడిపోయి కాదు, కావాలని చేయించుకున్నదే. కుర్చీలో కూర్చున్న మనిషికి టైమెంతయిందో చూడాలనిపించినప్పుడల్లా ఠక్కున వెనకగోడ వైపు మెడ తిప్పేవాడు. చెవి పక్కన కత్తి ఉందన్న సంగతి అతనికి గుర్తుండదు. గుర్తుపెట్టుకోవలసిన ఖర్మ మేస్త్రిది. చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టాక, గడియారాలు బాగుచేసే ఆయన దగ్గరికి వెళ్ళి, అంకెలు తిరగేసి రాయించి, ముళ్ళు ఎడమవైపుకి తిరిగేలా చేయించుకొచ్చి తగిలించాడు. ఎదురుగా ఉన్న అద్దంలో చూస్తే అది శుభ్రంగా, సరైన టైము చూపించేది. మెడలు కుదురుగా నిలబడ్డాయి. చెవులు దక్కాయి.

దక్కనిది మేస్త్రి బుర్ర ఒక్కటే. షాపు తెరిచేటప్పుడు, ఊడ్చేటప్పుడు, మూసేటప్పుడు ఆయన నేరుగా చూసేది ఆ తిరగేసిన గడియారాన్నే గనక, కొన్నేళ్ళకి మామూలు గడియారం చూస్తే తికమకపడటం మొదలుపెట్టాడు. ఇంట్లో ఎవరో బహుమతిగా ఇచ్చిన గడియారం ఒకటుండేది. అంకెలుండవు, గీతలే. ఒకరోజు అయిదింటికి మెలకువొచ్చి, దాన్ని చూసి ఏడయిపోయిందనుకుని, మొహం కడుక్కుని పరుగున వెళ్ళి షట్టర్ ఎత్తాడు. వీధిలో పురుగు లేదు. ఇవాళ సూర్యుడికి కూడా బద్ధకంగా ఉందేమో అనుకుంటూ దువ్వెనలు సర్దుకుంటుంటే భార్య వెతుక్కుంటూ వచ్చింది.

"ఏవండీ, ఈ చీకట్లో ఎవరి తల గొరుగుదామని?"

ఆ మాట వీధంతా పాకి, చాలాకాలం ఆయన్ని వదల్లేదు.

దాన్ని అందరికంటే ఎక్కువ వాడుకున్నవాడు పక్క షాపు ఫోటోగ్రాఫర్. ఇద్దరిదీ ఒకే గోడ, ఒకే వయసు, ఒకే పోట్లాట. సెలూన్‌లో క్రాఫు చేయించుకున్నవాళ్ళు ఆ ఊపులోనే పక్కకెళ్ళి ఫోటో తీయించుకునేవారు. ఫోటో చేతికొచ్చాక మొహం మాడ్చుకుని, "ఇదేమిటండీ, నాలా లేదు" అనేవారు. ఎలా ఉంటుంది? ఎవరికైనా తన మొహం తెలిసేది అద్దంలోనే. అద్దంలో కుడి ఎడమలు తారుమారు. పుట్టినప్పటినుంచీ తిరగేసిన మొహాన్నే చూసుకుని మురిసిపోయిన మనిషికి అసలు మొహం చూపిస్తే పరాయివాడిలా కనపడుతుంది.

"నీ అద్దం అబద్ధాలు నేర్పి పంపిస్తుంది, వాళ్ళొచ్చి నా మీద పడతారు," అనేవాడు ఫోటోగ్రాఫర్.

"నా అద్దం చూసి ఇంతవరకూ ఎవడూ ఏడవలేదురా. ఏడ్చేవాళ్ళంతా నీ షాపులోంచే వస్తున్నారు," అనేవాడు మేస్త్రి.

ఈ ఫోటోగ్రాఫర్ మేస్త్రికి గిరాకీ కూడా. వంకలు పెట్టడానికే పుట్టిన మనిషి. కుర్చీ దిగగానే అద్దానికి ముక్కు ఆనించి చూసుకుని, పాపిడి వెంట్రుకవాసి జరిగిందనీ, ఒక కణత మీది జుట్టు కంటే ఇంకోదానిది కిందికుందనీ ఏదో ఒకటి అనకుండా గుమ్మం దాటేవాడు కాదు. బాగుంది అన్న మాట ఆయన నోట మేస్త్రి ఒక్కసారి కూడా వినలేదు. విననందుకు బాధపడిందీ లేదు. ఆయనకి ఒప్పేలా చేస్తే ఇంకెవరికైనా ఒప్పుతుందని మేస్త్రి ధైర్యం.

ఇలా ముప్పై ఏళ్ళ పైచిలుకు గడిచాక ఒక మధ్యాహ్నం, కుర్చీలో మనిషి ఉండగానే, మేస్త్రి కుడిచేతిలోంచి కత్తెర జారి కిందపడింది. వంగి తీసుకోబోతే చెయ్యి రాలేదు. అది తన చెయ్యేనా అన్నట్టు దానివంక చూస్తూ గోడకి చేరగిలబడిపోయాడు. గోడ అవతలినుంచి చప్పుడు విని ఫోటోగ్రాఫర్ పరిగెత్తుకొచ్చాడు. ఆటో ఎక్కించి, దారి పొడుగునా ఆ డ్రైవర్ని తిడుతూ ఆసుపత్రికి చేర్చాడు.

ప్రాణం దక్కింది. మాట దక్కింది. కాలు కొన్ని వారాలకి దారిలోకొచ్చింది. కుడిచెయ్యి మాత్రం ఎవరిదో అరువు తెచ్చి తగిలించినట్టు వేలాడుతూ ఉండిపోయింది. అన్నం ఎడమచేత్తో తినొచ్చు, చొక్కా భార్య తొడుగుతుంది. కానీ మళ్ళీ ఒక తల మీద కత్తెర ఆడించగలడా? మేస్త్రికి బతుకంతా ఆ ఒక్క ప్రశ్న దగ్గరే ఆగిపోయింది. కత్తెర పట్టని మేస్త్రిని మేస్త్రి అని ఎందుకు పిలుస్తారు?

ఫిజియోథెరపీ చేయించే అమ్మాయి రోజూ వచ్చేది. బంగారంలాంటి పిల్ల. చిటికెనవేలు కదిలితే "సూపర్ తాతగారూ!" అనేది. చెంచా ఎత్తితే చప్పట్లు కొట్టేది. పరామర్శకొచ్చినవాళ్ళూ అంతే. మంచం దిగితే శభాష్, గ్లాసు పట్టుకుంటే భేష్. మేస్త్రి నవ్వేవాడుగానీ లోపల కుంచించుకుపోయేవాడు. గ్లాసు పట్టుకున్నందుకు మెచ్చుకునే స్థితికి వచ్చేశానా అని.

ఒకరోజు ఆ అమ్మాయి బల్ల మీద నిలువుగా ఒక అద్దం పెట్టింది. కుడిచేతిని అద్దం వెనక దాచి, ఎడమచేతిని ముందు పెట్టి, వేళ్ళు ఆడిస్తూ అద్దంలోకి చూడమంది. అద్దంలో కుడిచెయ్యే ఆడుతున్నట్టు కనిపిస్తుందనీ, అది చూసి మెదడు మోసపోయి, పడుకున్న చేతిని లేపడానికి ప్రయత్నిస్తుందనీ చెప్పింది.

మేస్త్రి కాసేపు చూశాడు. "ఇది నా ఎడమచెయ్యే కదమ్మా."

"అది మీకు తెలుసు తాతగారూ, మెదడుకి తెలీకూడదు."

"నా మెదడుకి అదొక్కటే తెలుసు తల్లీ. ఇన్నేళ్ళూ అద్దంలో కుడిని చూసి ఎడమనుకోవడమే దాని ఉద్యోగం."

ఆ అమ్మాయి పొట్ట పట్టుకుని నవ్వింది. మోసపోవడానికి ఒప్పుకోని మెదడుని అంతవరకూ చూడలేదట. అయినా వదల్లేదు. ఆ అద్దం వల్లో, ఆమె మొండితనం వల్లో, నెలలు గడిచేసరికి కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ దగ్గరికొచ్చి ఒక దువ్వెన పట్టుకోగలిగాయి. అంతే. కత్తెర తెరిచి మూసే సత్తువ ఆ చేతికి ఇక రాదేమోనని ఆమే మెల్లిగా చెప్పింది. ఆ పూట మేస్త్రి అన్నం ముట్టలేదు.

మర్నాడు ఫోటోగ్రాఫర్ ఒక పటం చంకలో పెట్టుకొచ్చాడు. నెగెటివ్‌ల కాలంలో తను తీసిన ఫోటో. సెలూన్‌లో మేస్త్రి ఎవరికో క్రాఫు చేస్తున్నాడు, నల్లటి జుట్టు, వెనకగోడ మీద గడియారం. అటకమీద దొరికితే ఉత్సాహం వస్తుందని తెచ్చాడు. మేస్త్రి దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఆబగా చూసుకున్నాడు. భుజం మీదుగా తొంగిచూసిన ఫిజియోథెరపీ అమ్మాయి, "తాతగారూ, మీరు ఎడమచేతివాటమా? చెప్పలేదే!" అంది.

"కాదమ్మా, కుడే."

"మరి ఇందులో కత్తెర ఎడమచేతిలో ఉందిగా?"

ఫోటోగ్రాఫర్ పటం లాక్కుని కళ్ళజోడు సవరించుకున్నాడు. ఆయన మొహం చూడాలి. ఊరందరి కణతలూ కొలిచే మనిషి ఫోటోని తిరగేసి ప్రింటు చేశాడు! ఎలా జరిగిందో గుర్తుచేసుకోవడానికి ఆయనకి కాస్త సమయం పట్టింది. చీకటిగదిలో నెగెటివ్ పెట్టి చూస్తే గడియారం అంకెలు తిరగబడి కనిపించాయి. ఓహో, నెగెటివ్ తప్పుగా పెట్టానన్నమాట అనుకుని, తెలివిగా దాన్ని తిప్పి ప్రింటు చేశాడు. గడియారం సరయింది, మేస్త్రి తారుమారయ్యాడు.

"రోజూ చూసే దిక్కుమాలిన గడియారమే! ఎలా మర్చిపోయానో," అని నెత్తి కొట్టుకున్నాడు.

మేస్త్రి నవ్వలేదు. మామూలుగా అయితే ఆ తప్పుని ఏడాదిపాటు ఏకిపారేసేవాడు. పటం మళ్ళీ ఒళ్ళోకి తీసుకుని చూస్తూ ఉండిపోయాడు. తనకెందుకు తేడా కనపడలేదు? ఎందుకంటే తను రోజూ చూసిన మనిషి వీడే. అద్దంలో ఎదురుగా నిలబడి, తనతోపాటే ఇన్నేళ్ళూ ఎడమచేత్తో క్రాఫులు చేసినవాడు. మోచెయ్యి ఎక్కడ ఉంచుతాడో, చెవి దగ్గర మణికట్టు ఎంత వంచుతాడో వాడి పని మొత్తం తనకి కంఠతా వచ్చు.

"వీడు నాకు తెలుసురా," అన్నాడు. "బాగా తెలుసు."

మర్నాటినుంచి ఎడమచేత్తో కత్తెర పట్టాడు. భార్య కుట్టుమిషన్ మీద బట్టలు కుట్టే మనిషి. ఇంట్లో దారాల కుచ్చులకి కొదవలేదు. అవి అయ్యాక చీపురు, బట్టలుతికే బ్రష్, గుమ్మం ముందు పీచుపట్టా, అన్నిటికీ వరసగా క్రాఫులయ్యాయి. చెయ్యి చెప్పినమాట వింటున్నట్టే ఉంది, కానీ దారం తెగదే! కత్తెర అలగుల మధ్య మడతపడి నలుగుతోంది. మేస్త్రికి ఏడుపొక్కటే తక్కువ.

భార్య చూసి చూసి, "తప్పు చేతిది కాదండీ, కత్తెరది," అంది. "మా కుట్టు సెంటర్లో ఒకమ్మాయిది ఎడమచేతివాటం. మామూలు కత్తెరతో తనకి గుడ్డ తెగదు. ఎడమచేతి వాళ్ళకని వేరే కత్తెర ఉంటుంది, అలగులు అటుదిటూ ఇటుదటూ."

"ఇన్నేళ్ళు కత్తెరతో కాపురం చేసి ఈ సంగతి నాకు తెలీలేదే!"

"కత్తెరతోనే చేశారని నాకెప్పుడో తెలుసులెండి," అంటూ చెప్పులేసుకుని బయల్దేరింది.

రెండు బస్సులు మారి, నాలుగు షాపులు తిరిగి, సాయంత్రానికి తెచ్చింది. మేస్త్రి ఆ కత్తెర వేళ్ళకి తొడుక్కుని కుచ్చు మీద ఆడించాడు. కరకరా తెగింది. తన మొహం ఎరగనివాడెవడో, ఎక్కడో కూర్చుని, ఎడమచేతి వాళ్ళూ ఉంటారు కదా అని ఆలోచించి దీన్ని తయారుచేశాడు. అడ్రసు తెలిస్తే వెళ్ళి వాడి కాళ్ళకి మొక్కేవాడే. ఎండలో తిరిగొచ్చి కాళ్ళు వత్తుకుంటున్న భార్యకి మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. ఇంతకాలం దువ్వెన మోయడం తప్ప ఇంకే పనీ ఇవ్వకపోయినా, పిలవగానే పలికిన ఎడమచేతి మీదా ప్రేమ పుట్టుకొచ్చింది. దానికి దండం పెట్టుకుందామంటే, దండానికి రెండు చేతులూ కావాలాయె.

సెలూన్ తెరిచిన రోజు మొదటి తల ఫోటోగ్రాఫర్‌ది. అడక్కుండానే వచ్చి కూర్చున్నాడు. మేస్త్రి కుడిచేతి వేళ్ళ మధ్య దువ్వెన ఇరికించుకుని, ఎడమచేత్తో కత్తెర పట్టి, అద్దంలోకి తలెత్తాడు. తను ఎడమచేత్తో పట్టాడు గనక, అద్దంలోవాడు ఇప్పుడు కుడిచేత్తో పట్టాడు. చచ్చుబడిపోయిందనుకున్న ఆ కుడిచెయ్యి కళ్ళముందు చకచకా ఆడుతోంది. దాన్ని చూస్తూ, కళ్ళు తుడుచుకోవడానికి ఖాళీ చెయ్యి లేక, అలాగే క్రాఫు పూర్తిచేశాడు.

క్రాఫు బాగా రాలేదు. కుడిచెవి పైన గుంట పడింది. మెడ మీద మెట్లు కనిపిస్తున్నాయి. మేస్త్రికి తెలుసు, చూసిన ఎవరికైనా తెలుస్తుంది. ఫోటోగ్రాఫర్ లేచి అద్దానికి ముక్కు ఆనించాడు. మేస్త్రి కాచుకుని నిలబడ్డాడు.

"బాగుంది," అన్నాడు ఫోటోగ్రాఫర్. డబ్బు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

మేస్త్రి కుర్చీలో కూలబడ్డాడు. ముప్పై ఏళ్ళలో రాని మాట ఇవాళ వచ్చిందంటే అర్థం ఒక్కటే. చెంచా ఎత్తితే చప్పట్లు కొట్టినట్టే ఇదీ.

తర్వాత పాతవాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. అందరూ బాగుందన్నారు. పాపం, మంచివాళ్ళు. మేస్త్రి వాళ్ళకి నిజంగానే రుణపడ్డాననుకున్నాడు. వాళ్ళు తలలు ఇవ్వబట్టే చెయ్యి రోజురోజుకీ కుదుటపడుతోంది. కానీ రాత్రి అన్నం దగ్గర భార్యతో, "జాలిపడి ఒకసారి తల ఇస్తారోయ్. రెండోసారి ఎవడిస్తాడు?" అన్నాడు. ఫోటోగ్రాఫర్ ఆ పక్క షాపులోనే ఉన్నాడు, రోజూ వచ్చి టీ తాగి పోతున్నాడు. నెత్తిన టోపీ, క్రాఫు ఊసెత్తడు. ఆయన జుట్టు పెరగాలని మేస్త్రి ఎదురుచూశాడు. పెరిగాక ఏ షాపుకి వెళతాడోనని భయపడ్డాడు.

నెల తిరిగేసరికి ఒక పొద్దున ఫోటోగ్రాఫర్ వచ్చి, టోపీ తీసి కొక్కేనికి తగిలించి, కుర్చీలో కూర్చున్నాడు.

"ముందే చెప్తున్నా విను. పోయినసారి చెవి పైన తవ్వేశావు. మెడ మీద మెట్లు కట్టావు. నెలంతా టోపీ పెట్టుకు చచ్చాను. ఈసారి అలా చేశావంటే ఊరుకోను."

మేస్త్రి గుడ్డ అందుకున్నాడు. "మరి ఆరోజు బాగుందన్నావేం?"

"ఆరోజు నువ్వు పేషెంటువి. పేషెంటుని ఎవడు తిడతాడు?"

"మరి ఇవాళ?"

"ఇవాళ నేను క్రాఫుకొచ్చాను. పాపిడి సంగతి కూడా చూసుకో, పోయినసారి అదీ వంకరే."

ఆ మాటకి మేస్త్రి కడుపు నిండిపోయింది. ఎంత మంచిమాట అన్నావురా అనుకున్నాడు. గుడ్డ దులిపి ఆయన మెడచుట్టూ కట్టాడు. వేళ్ళకి కత్తెర తొడుక్కున్నాడు.

"ఎక్కువ మాట్లాడకు, తల దించు," అన్నాడు.