కోదాడ దాటాక అడిగిన మాట

ఆ రోజుల్లో మా సూర్యాపేటలో సైకిల్ రెండోసారి పుట్టింది. అంతకుముందు సైకిల్ తొక్కేవాళ్ళంటే మోటార్ సైకిల్ కొనే తాహతు లేనివాళ్ళని లెక్క. తర్వాత షుగర్లూ బీపీలూ వచ్చి, డాక్టర్లు గట్టిగా మందలించేసరికి, ఇంటి ముందు కార్లున్న వాళ్ళే పోటీలు పడి గేర్ల సైకిళ్ళు కొనడం మొదలుపెట్టారు. (అంత ధర పెట్టి కొన్నదానికి ఇంజను ఎక్కడుందని మా మామయ్య చుట్టూ తిరిగి వెతికాడు.) అలా పొద్దున్నే రోడ్డెక్కే ఓ పదిమంది కలిసి గుంపుగా ఏర్పడ్డారు. వాళ్ళకు పెద్ద, బ్యాంకులో పనిచేసి రిటైరైన ఒక సారు. సైకిళ్ళు ఒకదాని వెనక ఒకటి గీత గీసినట్టు పోవాలన్నది ఆయన పట్టుదల. "లైన్ల రాండ్రి, లైన్ల రాండ్రి" అని అరిచి అరిచి చివరికి లైన్ సార్ అనే పేరే మిగుల్చుకున్నాడు. ఆయనకే ఒక చలికాలంలో బుద్ధి పుట్టింది: మిర్యాలగూడ మీదుగా పోయి వాడపల్లి దగ్గర కృష్ణ దాటి, గుంటూరు, బాపట్ల, అక్కడ సముద్రం. వచ్చేటప్పుడు విజయవాడ, కోదాడ మీదుగా ఇల్లు. అంతా సైకిళ్ళ మీదే.

ఈ యాత్రకు వస్తానని పేరు రాయించుకుంది మా ఆయన. తీరా బయల్దేరే ముందు ఆయనకు సెలవు దొరకలేదు. కొత్తగా కొన్న సైకిల్ గోడకు ఆనుకుని దిగులుగా కనిపించిందో ఏమో, నన్ను పొమ్మన్నాడు. నాకు ఆటలు కొత్త కాదు. మిర్యాలగూడలో చదువుకునే రోజుల్లో కబడ్డీ ఆడేదాన్ని. ఏడుగురి మధ్యకు ఒంటరిగా దూకి, ఒకరిద్దరిని ముట్టుకుని, ఊపిరి బిగబట్టి తిరిగి వచ్చేదాన్ని. వ్యాయామ ఉపాధ్యాయురాలి చదువు కూడా చదివాను. సరే అన్నాను. అయితే మా అత్తమ్మ, అంతమంది మగవాళ్ళ మధ్య కోడల్ని ఒక్కదాన్నే పంపడమేమిటని, తానూ వస్తానంది. గుంపు సామాన్లు మోయడానికి మాట్లాడిన ట్రాలీ ఆటోలో కూర్చుంటుందని అందరం అనుకున్నాం. ఆమె పక్కింటి పిల్ల లేడీస్ సైకిల్, ముందు బుట్టతో సహా, తీసుకుని వాకిట్లో నిలబడింది. చిన్నప్పుడు తుంగతుర్తిలో అన్న సైకిల్ మీద, అడ్డకడ్డీ కింద నుంచి కాలు దూర్చి, కత్తెర తొక్కుడు నేర్చుకుందట. నిజం చెప్పాలంటే ఎండ ముదిరాక ఆమె ట్రాలీ ఎక్కేది, చల్లబడ్డాక దిగి మళ్ళీ తొక్కేది. ఎవరేమనుకుంటారోనన్న బాధ ఆమెకు లేదు. ఆ బాధంతా నేనే పడేదాన్ని.

ఇంతకూ నేను ఆ యాత్రకు ఒప్పుకోవడం వెనక సైకిల్ మీది ప్రేమ కన్నా పెద్ద కారణం ఒకటుంది. కోదాడలో ఒక బడిలో ఆటల టీచరు ఉద్యోగానికి నన్ను అడుగుతున్నారు. రోజూ సూర్యాపేట నుంచి బస్సులో పోయి రావాలి. మా ఆయనకు అభ్యంతరం లేదు. మామయ్య ఎక్కువగా పాలకీడులో పొలం దగ్గరే ఉండేవాడు, ఆయన ఏదీ అడ్డుకునే మనిషి కాదు. అడగాల్సింది అత్తమ్మను. పెళ్ళయి ఏడాది కూడా తిరగలేదు. ఆమెతో "అన్నం పెట్టమంటారా", "కరెంటు పోయింది" లాంటి మాటలే తప్ప నేను వేరే మాట మాట్లాడి ఎరుగను. ఆమె కోపిష్టి కాదు, నన్ను ఒక్క మాట అన్నదీ లేదు. అయినా ఆమె ఎదురుగా నిలబడితే నోరు పెగిలేది కాదు. నువ్వే అడగరాదా అంటే మా ఆయన, తాను అడిగితే కోడలికి నోరు లేదనుకుంటుందని తప్పించుకున్నాడు. ఇంట్లో కుదరనిది దారిలో కుదురుతుందని నా లెక్క. మొదటిరోజు మధ్యాహ్నం మిర్యాలగూడలో మా అమ్మ గుంపు మొత్తానికీ భోజనాలు పెట్టి, నన్ను వంటింట్లోకి లాగి అడిగినవా అంది. ఇంకా సముద్రం దాకా టైముంది కదా అన్నాను.

సముద్రం రానే వచ్చింది. అత్తమ్మ దాన్ని చూడటం అదే మొదలు. చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో నా చెయ్యి గట్టిగా పట్టుకుని మోకాళ్ళ లోతులో నిలబడి చాలాసేపు చూసింది. అడగడానికి ఇంతకన్నా మంచి సమయం రాదనుకుని గొంతు సవరించుకున్నాను. అంతలో ఆమె, "ఇన్ని నీళ్ళు పెట్టుకొని ఒక్క మడి గూడ పారదా" అంది, ఎంతో బాధగా. కృష్ణ నీళ్ళ కోసం కాలువ గట్టున కాపలా పడుకున్న ఇల్లాలి బాధ అది. దాని మీదికి నా ఉద్యోగం తేవడం బాగుండదని ఊరుకున్నాను. ఒడ్డుకొచ్చాక ఆమె ఎండు చేపలు కొంది. రుచి చూడటానికి కాదు, ఊళ్ళో చుట్టాలందరికీ పంచడానికి. ఆ మూటను ట్రాలీలో పెడితే బట్టలన్నీ కంపు కొడతాయని ఆటో అతను ఒప్పుకోలేదు. అది అత్తమ్మ సైకిల్ బుట్టలోకి చేరింది. లైన్ సార్ గాలి ఎటు వీస్తుందో కాసేపు ఆలోచించి, అక్కా మీరు చివర రండని ఎంతో మర్యాదగా కోరాడు. పెద్దావిణ్ణి ఒక్కదాన్నే వెనక వదల్లేరు కనుక ఆమె కోడలిని, అంటే నన్ను, ఆమెకు జోడీగా వేశారు. ఇక తిరుగు ప్రయాణమంతా గుంపూ ట్రాలీ ముందు, మేమిద్దరం వెనక, మా మధ్య ఎండు చేపలు. అడగడానికి అంతటి ఏకాంతం ఎవరికీ దొరకదు. దాన్ని కూడా కోదాడ దాకా వృథా చేశాను.

ఆఖరి రోజు పొద్దున కోదాడలో టిఫిన్ చేస్తున్నాం. (నేను నిలబడి తింటున్నాను. అన్ని రోజులు సీటు మీద కూర్చున్నాక కుర్చీ అంటే విరక్తి పుట్టింది.) అప్పుడే ఆ బడి మేడం ఫోన్ చేసింది. "సాయంత్రంలోపు ఏదో ఒకటి చెప్పేయండమ్మా. లేదంటే ఇంకో అమ్మాయి ఉంది, తీసేసుకుంటాం" అంది. నేను తప్పకుండా చెప్తానని పెట్టేసి చూస్తే, అత్తమ్మ ఇడ్లీలో చట్నీ కలుపుకుంటూ నా వైపే చూస్తోంది. ఎవరని అడిగింది. మా కబడ్డీ దోస్తు అన్నాను. ఇల్లు చేరితే ఇక అడగలేను. యాత్ర చేసొచ్చిన మనిషిని చూడటానికి చుట్టాలు దిగి ఉంటారు, చేపల పంపకం మొదలవుతుంది. మిగిలింది కోదాడ నుంచి సూర్యాపేట దాకా ఉన్న రోడ్డు ఒక్కటే.

ఊరు దాటి హైవే ఎక్కాం. కాసేపు తొక్కి, ధైర్యం కూడగట్టుకుని "అత్తమ్మా" అన్నాను. ఆమె ఏందన్నట్టు తల తిప్పింది. పక్క నుంచి ఒక లారీ హారన్ కొట్టుకుంటూ పోయింది. అది పోయేసరికి నా ధైర్యం కూడా దానితో పోయింది. దాహం అయితలేదా అని అడిగాను. అడిగినందుకు కాదనలేక ఆమె సైకిల్ ఆపి నీళ్ళు తాగింది. మరికొంత దూరం పోయాక మళ్ళీ అత్తమ్మా అన్నాను. మళ్ళీ నోటికి వచ్చింది నీళ్ళే. ఇంకోసారీ అంతే. కబడ్డీలో గీత దాటి లోపలికి పోయి ఎవరినీ ముట్టుకోకుండా తిరిగొస్తే చూసేవాళ్ళు ఎట్లా నవ్వుతారో నాకు తెలుసు. ఆ పొద్దున నేను చేసింది అదే పని, తేడా అల్లా ప్రతిసారీ ఒక పెద్దావిడకు నీళ్ళు పట్టించడమే. ముందు పోతున్న గుంపు చుక్కల్లా కనిపించి, తర్వాత అవీ లేకుండా పోయాయి. లైన్ సార్ ఫోన్ చేసి లైన్ తెగిపోయిందని బాధపడ్డాడు. సూర్యాపేటలో పూలదండలతో మనుషులు ఎదురు చూస్తున్నారట.

మునగాల దగ్గరికి వచ్చేసరికి, అన్ని నీళ్ళు తాగిన ఫలితంగా, ఆమె ఒక పెట్రోల్ బంకు ముందు ఆపి సైకిల్ నా చేతికిచ్చి లోపలికి పోయింది. నేను రెండు సైకిళ్ళు పట్టుకుని ఒక పక్కన నిలబడ్డాను. ఎండ పడి మూట బాగా వేడెక్కింది. ఎక్కడినుంచి పసిగట్టాయో, బంకు వెనక నుంచి మూడు కుక్కలు వచ్చాయి. ఒకటి బుట్ట మీద ముందు కాళ్ళు వేసింది. ఒక సైకిల్ వదిలితే చేపలు పోతాయి, ఇంకోటి వదిలితే మా ఆయన ప్రాణం పోతుంది. మూటను నెత్తి మీదికి ఎత్తి పట్టుకుని, రెండు సైకిళ్ళనూ నడుంతో ఆపుకుంటూ, హెల్మెట్టుతో సహా నేను గిరగిరా తిరుగుతుంటే బంకులో పనిచేసేవాళ్ళు పెట్రోల్ కొట్టడం ఆపి చూశారు. అత్తమ్మ తిరిగి వచ్చి, తొందరపడకుండా మూట విప్పి, కుక్కకో చేప దూరంగా విసిరింది. అవి వెళ్ళిపోయాక మూట ముడి వేస్తూ, నా మొహంలోకి చూడకుండానే అంది:

"ఏం అడగాల్నో అడుగు పిల్లా. ఇగ నీళ్ళు మాత్రం నేను తాగ."

అడిగాను. ఉద్యోగం, బడి, బస్సు, సాయంత్రంలోపు చెప్పాల్సిన మాట, పొద్దున ఫోన్ చేసింది కబడ్డీ దోస్తు కాదన్న సంగతి, అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేశాను. ఊపిరి బిగబట్టడం నాకు అలవాటే కదా. ఆమె అంతా విని బస్సులు ఎప్పుడెప్పుడు ఉంటాయని అడిగింది. చీకటి పడేలోపు ఇల్లు చేరుతానని చెప్పాను. ఆమె మూటను మళ్ళీ బుట్టలో సర్దింది. వద్దంటుందనే అనుకున్నాను. సైకిల్ నా చేతిలోంచి తీసుకుంటూ అంది:

"కోడలొస్తే ఇంట్ల మాట్లాడ మనిషి దొరుకుతదనుకున్న. నువ్వేమో ఇన్నాళ్ళ సంది నోరు తెరవకపోతివి. నాతోని మాట్లాడ ఇష్టం లేదేమో అనుకున్న. గీ సైకిల్ మీదన్న నాలుగు మాటలు మాట్లాడుతవని వెంబడొచ్చిన. ఇయ్యాల నోరు తెరిచినవ్, తెరిచి పోతనంటున్నవ్."

మగవాళ్ళ మధ్యకు కోడల్ని పంపలేక వచ్చిందని ఊళ్ళో అందరం అనుకున్న మనిషి, వచ్చింది ఇందుకట. నేను ఆమెకు భయపడుతున్నానని ఆమెకు తోచనే లేదు. నేను ఆమెను ఇష్టపడటం లేదని ఆమె అనుకుంటుందని నాకూ తోచలేదు. ఒకే ఇంట్లో పొయ్యికి చెరో పక్కన నిలబడి అన్ని నెలలు అలా గడిపాం. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మీరంటే భయం అత్తమ్మా అన్నాను. ఆమె నన్ను కింది నుంచి పైదాకా చూసి, కుక్కలే భయపడలేదు నన్ను చూసి, నువ్వెందుకు భయపడ్డవంది. ఆ తర్వాత, "ఆ మేడంకు ఫోన్ చెయ్. పాపం ఎదురు చూస్తుంటది. ఇంటికి ఎంత అలిసిపోయి వచ్చినా నాతోని జరసేపు మాట్లాడాలె, గంతే" అంది.

అక్కడి నుంచి మేము తొక్కిన దానికన్నా మాట్లాడిందే ఎక్కువ. ఆమె గొర్లు కాసిన రోజులు, అన్న సైకిల్ తీసినందుకు తిన్న దెబ్బలు, నా కబడ్డీ, పెళ్ళి చూపుల్లో ఆమెకు నచ్చని నా చీర, ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఎత్తు వస్తే దిగి నడిపించుకుంటూ మాట్లాడాం. సూర్యాపేట చేరేసరికి దండలు వేయడాలూ ఫొటోలూ అన్నీ అయిపోయి జనం ఇళ్ళకు పోయారు. లైన్ సార్, మా ఆయన మాత్రం ఉన్నారు. రెండు దండలు వాడిపోయి ఉన్నాయి. సముద్రం దాకా పోయొచ్చి సూర్యాపేటలో లైన్ తప్పారని సారు నొచ్చుకున్నాడు. అత్తమ్మ ఆయన చేతిలో కొన్ని ఎండు చేపలు పెట్టింది. మా ఆయన ఏమైందన్నట్టు కళ్ళతోనే అడిగాడు. అమ్మనే అడుగు అన్నాను.

కోదాడ బడిలో ఇప్పటికీ పనిచేస్తున్నాను. అత్తమ్మకు మోకాళ్ళ నొప్పులు వచ్చి సైకిల్ సంగతి అటుంచి మెట్లే కష్టమయ్యాయి. సాయంత్రం నేను చెప్పిన బడి కబుర్లు విని విని అక్కడి పిల్లల పేర్లన్నీ ఆమెకు వచ్చేశాయి. ఖోఖోలో పడ్డ పిల్ల మోకాలు మానిందా అని నేను మరిచిపోయాక కూడా అడుగుతుంది. మధ్యమధ్య మాత్రం, జర ఆపు పిల్లా, సీరియల్ సూడనియ్యి అంటుంది. ఆగను.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్క సీటు దొరికితే మునగాల దగ్గర తెలియకుండానే బయటికి చూస్తాను. బంకు ఇప్పుడు పెద్దదైంది, ముందు టీ కొట్టు కూడా వచ్చింది. అక్కడ హెల్మెట్టు పెట్టుకుని నిలబడి, అడగాల్సిన మాటను గొంతులోనే తిప్పుకుంటున్న ఆ పిల్ల నాకు కనిపిస్తుంది. దానిది ఎంత అమాయకమైన భయమో అనిపించి నవ్వొస్తుంది. ఎందుకు మేడం నవ్వుతున్నారు అని మొన్న పక్క సీటులో కొత్త టీచరమ్మ అడిగింది. ఏం లేదమ్మా, ఇక్కడ ఒకసారి కాసేపు ఆగాం అన్నాను.